స్కిన్ డాక్టరు ఇచ్చిన మందు వాడితే మొటిమలు ఇంకా పెరిగాయి, ఆపేయాలా?

ముందుగా మీ ప్రశ్న క్లుప్తంగా. వయసు 23, గుంటూరులో ఉద్యోగం. రెండేళ్లుగా బుగ్గల మీద, దవడ అంచున మొటిమలు. మొదట మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము రాస్తే వారంలో మాయమయ్యాయి, ఆపగానే రెట్టింపు వచ్చాయి. ఆ తర్వాత స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే పొద్దున ఒక జెల్, రాత్రి ఒక జెల్, రోజూ వేసుకోవడానికి మాత్ర రాశారు. మూడు వారాలకు ముఖం మండి, పొట్టు లేచి, మొటిమలు ఇంకా ఎక్కువైనట్టు కనిపించాయి. ఇప్పుడు అన్నీ ఆపేసి కూర్చున్నారు. పాత క్రీము మళ్లీ రాయాలా, డాక్టరును మార్చాలా, అమ్మ చెప్పినట్టు నలుగు పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. ముందు ముందు పెద్ద మాత్ర ఇస్తే పిల్లలు పుట్టరని ఎవరో భయపెట్టారని కూడా రాశారు.

సమాధానం: డాక్టరును మార్చకండి, అదే డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్లండి. వీలైతే ఈ వారంలోనే. పాత క్రీము జోలికి మాత్రం పోకండి. మీకు రాసిన మందులు, మీరు చెప్పిన దాన్ని బట్టి, సరైనవే. వాడే పద్ధతిలో కొంచెం మార్పు కావాలి, ఇంకొంత కాలం కావాలి.

నేను ఒక జిల్లా కేంద్రంలో చాలా ఏళ్లుగా చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను. మొటిమల వైద్యం మొదటిసారి రాసిన చీటీతో పూర్తయ్యేది కాదని రోజూ చూస్తున్నాను. మొదటిసారి డాక్టరు మీ చర్మం ఎలాంటిదో అంచనా వేసి మందు మొదలుపెడతారు. ఆ మందుకు మీ చర్మం ఏమంటోందో రెండోసారి వచ్చినప్పుడే తెలుస్తుంది. మోతాదు తగ్గించడం, రోజు విడిచి రోజు చేయడం, ఒకటి తీసి ఇంకొకటి ఇవ్వడం అంతా అప్పుడే. మన దగ్గర చాలామంది ఆ రెండోసారి రారు. మూడో వారంలో నిరాశపడి ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు, అక్కడా అదే మందు వేరే కంపెనీ పేరుతో మొదలవుతుంది, మళ్లీ మూడు వారాలు. ఇలా ఏడాది గడిచేసరికి బుగ్గల మీద గుంటలు మిగులుతాయి. ఆ గుంటలను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే అవి రాకుండా ఆపగలిగినవి.

మూడు వారాల్లో ఎందుకు తగ్గదు? చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కనా నూనె గ్రంథి ఉంటుంది. హార్మోన్ల వల్ల నూనె ఎక్కువ ఊరుతుంది, కుదురు నోటి దగ్గర మృతకణాలు పేరుకుని దారి మూసుకుపోతుంది, లోపల క్యూటీబ్యాక్టీరియం ఆక్నీస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, దాంతో వాపు, ఎరుపు, చీము. ఈ మూసుకుపోవడం మొదలైన రోజు అద్దంలో ఏమీ కనిపించదు. అది పైకి మొటిమగా తేలడానికి వారాలు, ఒక్కోసారి రెండు నెలల దాకా పడుతుంది. అంటే ఈ రోజు మీకు కనిపిస్తున్న మొటిమ మీరు డాక్టరు దగ్గరికి వెళ్లకముందే లోపల తయారైంది. మందు పని కొత్తవి పుట్టకుండా చూడటం. అందుకే మేం 8 నుంచి 12 వారాలు వాడాకే ఈ మందు పనిచేసిందా లేదా అని తేలుస్తాం. పైగా రాత్రి రాసే జెల్ అడాపలీన్ లాంటి రెటినాయిడ్ (విటమిన్ ఎ జాతి మందు) అయితే, లోపల ఉన్నవాటిని త్వరగా పైకి తెస్తుంది. మొదటి కొన్ని వారాలు కొందరికి ఎక్కువైనట్టు కనిపించేది ఇందుకే. ఇది ముందే చెప్పాల్సిన బాధ్యత డాక్టరుది. కిక్కిరిసిన ఓపీలో కొన్నిసార్లు ఆ ఒక్క మాటే చెప్పడం కుదరదు, పేషెంటు ఇంటికెళ్లి టెన్షన్ పడుతుంది.

పొట్టు లేవడం, మండటం మాత్రం చాలావరకు రాసే తీరు వల్లే. నా దగ్గరికి వచ్చినవాళ్లను ట్యూబు తెచ్చుకోమని, నా ఎదుటే రాయమంటాను. తొంభై శాతం మంది మొటిమ మొటిమకూ చుక్కలు పెడతారు, లేదా కోల్డ్ క్రీములా దట్టంగా పట్టిస్తారు. రెండూ తప్పే. బఠాణీ గింజంత జెల్ వేలి కొస మీద తీసుకోవాలి. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, ముక్కు మీద, గడ్డం మీద ఒక్కో చుక్క పెట్టి, ఐదు చుక్కలనూ ముఖమంతా పల్చగా పరచాలి. ముఖం మొత్తానికి ఆ గింజంతే. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో వద్దు, అక్కడ చర్మం పల్చన. ముఖం కడిగిన వెంటనే తడి మీద రాస్తే మంట ఎక్కువ, అందుకే పూర్తిగా ఆరాక, ఇరవై నిమిషాలు ఆగి రాయండి. ముందు ఒక పొర మాయిశ్చరైజర్, దాని మీద జెల్, మళ్లీ మాయిశ్చరైజర్ రాసినా మందు పనిచేస్తుంది. మొదటి రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు, చర్మం అలవాటు పడ్డాక రోజూ.

మీ పొద్దున జెల్ బహుశా బెంజాయిల్ పెరాక్సైడ్ కావచ్చు. 2.5 శాతంది వాడితే చాలు, శాతం ఎక్కువైతే మంట పెరుగుతుంది తప్ప లాభం పెద్దగా పెరగదు. అది తువ్వాలుకు, దిండు గలీబుకు, రంగు చున్నీకి తగిలితే తెల్లటి మచ్చలు పడతాయి, పాత తువ్వాలు వాడండి. దీని గొప్పతనం ఏంటంటే బ్యాక్టీరియా దీనికి అలవాటు పడదు. అదే క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాసుకుంటే బ్యాక్టీరియా మొండికేస్తుంది, దాన్ని ఎప్పుడూ బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపే వాడాలి.

మాత్ర డాక్సీసైక్లిన్ అయితే మూడు జాగ్రత్తలు. నిండు గ్లాసు నీళ్లతో మింగి కనీసం అరగంట పడుకోకుండా ఉండండి, లేకపోతే గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడుతుంది. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే రెండింటికీ కొన్ని గంటల తేడా ఉండాలి, ఐరన్ దీన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎండకు ముఖం త్వరగా కమిలిపోతుంది, మీ గుంటూరు ఎండల సంగతి నేను చెప్పక్కర్లేదు, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ జెల్ రూపంలో దొరికేది రాయండి. ఈ యాంటీబయాటిక్‌ను మామూలుగా మూడు నెలలకు మించి ఇవ్వం. గర్భం ఉంటే అసలు ఇవ్వం.

ఇక మెడికల్ షాపు క్రీము. మీరు పేరు రాయలేదు కానీ, వారంలో మాయమై, ఆపగానే రెట్టింపు రావడం అన్నది స్టెరాయిడ్ క్రీము లక్షణమే. ట్యూబు ఇంకా ఉంటే వెనక చిన్న అక్షరాలు చదవండి. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఫ్లుయోసినోలోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. తెల్లబడటానికని అమ్మే కొన్ని క్రీముల్లో మోమెటాసోన్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసి ఉంటాయి. ఆ మూడు మందుల క్రీమును మంగు మచ్చలకు కొద్ది వారాల పాటు డాక్టరు కనుసన్నల్లో వాడాలి. మన ఊళ్లలో దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాసుకుంటున్నారు.

స్టెరాయిడ్ వాపును, ఎరుపును అణిచేస్తుంది కాబట్టి మొటిమ తగ్గినట్టు కనిపిస్తుంది. పొగ రాకుండా పొయ్యి మీద మూత పెట్టడం లాంటిది అది, లోపలి మంట అలాగే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి సన్నని ఎర్ర రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, బుగ్గల మీద నూగు వెంట్రుకలు పెరుగుతాయి, ఎండలోకి వెళ్తే చాలు ముఖం భగ్గుమంటుంది. పైగా అన్నీ ఒకే సైజులో చిన్న చిన్న ఎర్ర మొటిమలు కొత్తగా లేస్తాయి. ఆపితే తట్టుకోలేనంత మంట, ఎరుపు. ఆ బాధకు మళ్లీ అదే ట్యూబు కొంటారు. ఒక బీటెక్ అమ్మాయి తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అదే క్రీము ఖాళీ ట్యూబులు తీసి నా టేబుల్ మీద వరసగా పెట్టింది. ఒక్కో ట్యూబును చివరి దాకా మడతపెట్టి పిండింది, ఒకదాన్ని కత్తెరతో కోసి లోపల మిగిలింది కూడా రాసుకుంది. హాస్టల్లో రూమ్మేట్లంతా అదే వాడతారట. ఆమె ముఖం మామూలు స్థితికి రావడానికి నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, కానీ వదలకుండా వచ్చింది. ఇప్పుడు బాగుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు పలు రకాలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. మీరు ఆ క్రీము ఎన్నాళ్లు వాడారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి, తిడతారని దాచొద్దు. ఇప్పుడు మీకున్న మంటలో సగం రెటినాయిడ్‌ది కాకుండా ఆ పాత క్రీము ఆపడం వల్ల వచ్చినది కావచ్చు. అలా అయితే వైద్యం దారే వేరు. కొన్నాళ్లు ఘాటైన జెల్స్ పక్కనపెట్టి ముందు చర్మాన్ని శాంతపరచాలి. చాలాకాలం గట్టి స్టెరాయిడ్ వాడినవాళ్లకు ఒక్కసారిగా ఆపకుండా మెల్లమెల్లగా తగ్గించాల్సి వస్తుంది. ఇది చూసి నిర్ణయించాల్సిందే, నేను ఇక్కడ కూర్చుని చెప్పేది కాదు.

మీరు దవడ అంచున అన్నారు. ఇరవైలు దాటిన ఆడపిల్లలకు గడ్డం, దవడ దగ్గరే తిరగబెడుతూ, నెలసరికి ముందు ఎక్కువవుతుంటే హార్మోన్ల సంగతి చూడాలి. నెలసరి 35 రోజులు దాటి వస్తోందా, పై పెదవి మీద, గడ్డం కింద ముదురు వెంట్రుకలు ఉన్నాయా, తల జుట్టు పల్చబడుతోందా, బరువు పెరిగారా? వీటిలో ఏవైనా ఉంటే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) అనుమానంతో రక్త పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేయిస్తారు. అది తేలితే కేవలం జెల్స్‌తో సరిపోదు, హార్మోన్ మాత్రలో, మగ హార్మోన్ల ప్రభావాన్ని తగ్గించే స్పైరనోలాక్టోనో చేర్చాల్సి రావచ్చు, గైనకాలజిస్టు సలహా కూడా కలిపి. ఇది మీ మొదటి విజిట్‌లో చర్చకు రాకపోయి ఉంటే, రెండోసారి మీరే ఎత్తండి.

పిల్లలు పుట్టరనే భయం. ఆ పెద్ద మాత్ర ఐసోట్రెటినాయిన్ అయి ఉంటుంది. గడ్డల్లాంటి మొటిమలకు, మిగతా మందులకు లొంగనివాటికి, గుంటలు పడుతున్నవాటికి ఇంతకు మించిన మందు లేదు. 1982 నుంచి వాడకంలో ఉంది. ఇక్కడ రెండు విషయాలను కలిపేసి భయపడుతున్నారు. ఆ మందు ఒంట్లో ఉండగా గర్భం వస్తే కడుపులోని బిడ్డకు గుండె, మెదడు, చెవుల్లో తీవ్రమైన లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. ఇది నూటికి నూరు పాళ్లూ నిజం, దీనిలో రాజీ లేదు. మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, వాడినంతకాలం, ఆపాక ఇంకో నెల దాకా గర్భం రాకూడదు. ఆ గడువు దాటాక మాత్రం మందు ప్రభావం ఉండదు, తర్వాత పిల్లలు పుట్టడానికి అది అడ్డు కాదు. వాడిన చాలామంది అమ్మాయిలు పెళ్లయి, పిల్లల్ని ఎత్తుకుని నా క్లినిక్‌కు వచ్చారు.

అందుకే ఈ మందు ఇచ్చే ముందు నేను ప్రతి అమ్మాయితోనూ ఒంటరిగా మాట్లాడతాను. వెంట వచ్చిన అమ్మను కాసేపు బయట కూర్చోమంటాను. పెళ్లి కాలేదు కదా అని అడగకుండా వదిలేయడం డాక్టరుకు తగదు. పెళ్లి సంబంధాలు చూస్తుంటే అదీ చెప్పండి, తేదీలు లెక్కవేసి మొదలుపెట్టవచ్చు. రోజుకు 10 లేదా 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం మన దగ్గర మామూలు. మొత్తం కోర్సు మీద కిలో బరువుకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు పడాలని పాత లెక్క. 50 కిలోల మనిషికి 20 మిల్లీగ్రాముల చొప్పున అయితే 120 చేరడానికే పది నెలలు. నెలకో రెండు నెలలకో ఆపేసి, పని చేయలేదు అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. భోజనం చేశాక, కాస్త నెయ్యి నూనె ఉన్న తిండి మీద వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. పెదవులు ఎండిపోవడం దాదాపు అందరికీ ఉంటుంది, జేబులో లిప్ బామ్ ఉండాలి. లివర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయిస్తారు. విటమిన్ ఎ మాత్రలు వేసుకోకూడదు. డాక్సీసైక్లిన్‌తో కలిపి అసలు వాడకూడదు, రెండూ కలిస్తే తల లోపల ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. వాడేటప్పుడూ, ఆపాక నెల దాకానూ రక్తదానం చేయకూడదు. మనసు బాగా కుంగిపోతున్నట్టు అనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఫోన్ చేయాలి.

ఇంటి చిట్కాలు. పసుపు, శనగపిండి విషం కాదు. కానీ నలుగుపిండితో రుద్దడం వల్ల చర్మం గీసుకుపోయి మొటిమలు పగులుతాయి, రెటినాయిడ్ వాడుతున్న చర్మానికైతే అది కాల్చినంత బాధ. నిమ్మరసం, టూత్‌పేస్ట్, వంట సోడా ముఖానికి వద్దే వద్దు, వాటితో కాలిన నల్ల మచ్చలు మొటిమ మచ్చలకన్నా ఎక్కువకాలం ఉండటం చూశాను. రాత్రి తలకు నూనె పట్టించి పడుకునే అలవాటుంటే మానుకోండి, అది నుదుటి మీదికి దిగి అక్కడ మొటిమలు తెస్తుంది. తలస్నానానికి గంట ముందు రాస్తే చాలు.

తిండి విషయంలో అందరూ ‘వేడి చేసింది’ అంటారు. ఆవకాయ మానేస్తే మొటిమలు తగ్గుతాయనడానికి ఆధారం ఏమీ లేదు. కూల్‌డ్రింకులు, స్వీట్లు, బేకరీ తిండి లాంటి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచేవి తగ్గిస్తే కొందరికి మేలు కనిపిస్తుంది. జిమ్‌కు వెళ్లే అబ్బాయిలకు నేను వేసే మొదటి ప్రశ్న వే ప్రోటీన్ గురించే. ఒక కుర్రాడికి వీపంతా గడ్డలే, ఏ మందుకూ లొంగలేదు. జిమ్‌లో ఇచ్చిన ఇంజెక్షన్ల సంగతి వాళ్ల నాన్న బయటికి వెళ్లాక చెప్పాడు. అవి ఆపాకే మందు పనిచేసింది. టీబీ మందుల్లోని ఐసోనియాజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, బీ12 ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ మాత్రలు కూడా మొటిమలు తెస్తాయి. వేరే జబ్బుకు ఏ మందు వాడుతున్నా స్కిన్ డాక్టరుకు చెప్పాలి, అయితే ఆ మందును సొంతంగా ఆపకూడదు.

నుదుటి మీద ఒకే సైజులో చిన్న గుల్లలు, బాగా దురద, పక్కన చుండ్రు ఉంటే అవి మొటిమలు కాకపోవచ్చు, ఫంగస్ వల్ల కావచ్చు. వాటికి యాంటీబయాటిక్ వాడేకొద్దీ పెరుగుతాయి. చూసి తేల్చే మనిషి కావాలని నేను పట్టుబట్టేది ఇలాంటివాటి వల్లే.

ఏ డాక్టరు? ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డెర్మటాలజీలో డీఎన్‌బీ అనే చర్మవ్యాధుల పీజీ చదువుల్లో ఏదైనా చేసినవాళ్లు. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని మాత్రమే ఉంటే డిగ్రీ అడగండి, అడగడం తప్పు కాదు. ఖర్చు భారమైతే మీ గుంటూరు జీజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలోనే చర్మవ్యాధుల ఓపీ ఉంది. విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ ఉస్మానియా, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రుల్లోనూ ఉంది. మొదటిరోజే పీలింగ్, లేజర్ ప్యాకేజీకి డబ్బు కట్టమంటే వెంటనే ఒప్పుకోకండి. నల్ల మచ్చలు మొటిమలు ఆగాక, ఎండ తగలకుండా చూసుకుంటే, చాలావరకు నెలల్లో వాటంతటవే పల్చబడతాయి. గుంటలకు మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో గుచ్చడం), సబ్‌సిషన్ (గుంటను కిందికి లాగే పోగులను సూదితో విడదీయడం), లేజర్ లాంటి చికిత్సలు ఉన్నాయి, కానీ కొత్త మొటిమలు ఆగకముందే వాటికి డబ్బు పోయడం దండగ.

రెండోసారి వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి: పాత చీటీ, ఇప్పటిదాకా ముఖానికి రాసిన ప్రతి ట్యూబు, సబ్బు, ఫేస్‌వాష్‌తో సహా అన్నీ ఒక కవర్లో వేసుకుని. చివరి మూడు నెలసరి తేదీలు. మందు మొదలుపెట్టకముందు తీసుకున్న ఫోటో ఫోన్లో ఉంటే అదీ. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది, రోజూ అద్దంలో చూసుకునే మీకు తేడా తెలియకపోవచ్చు. మేకప్, పౌడరు లేకుండా వెళ్లండి. రాత్రి జెల్ వారానికి ఎన్నిసార్లు రాశారో, ఏ రోజు నుంచి ఆపారో ఉన్నదున్నట్టు చెప్పండి.